ఇరవై నాలుగు లక్షల ఆదాయం: ఒకరికి మూడు లక్షల పన్ను, పక్కవారికి సున్నా

హైదరాబాద్ మాదాపూర్‌లో ఒక ఆఫీసు అనుకుందాం. ఒకే అంతస్తు, పక్కపక్క కుర్చీలు, ఒకే పని. ఇద్దరికీ ఏడాదికి 24 లక్షల రూపాయలు వస్తాయి. ఒకరు ఆ కంపెనీ ఉద్యోగి. రెండోవారు అదే కంపెనీకి కాంట్రాక్టు మీద పనిచేసే సాంకేతిక సలహాదారు. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో (మినహాయింపులు తక్కువ, రేట్లూ తక్కువ) లెక్క వేస్తే ఉద్యోగి కట్టాల్సిన ఆదాయ పన్ను 2,92,500 రూపాయలు. సలహాదారు కట్టాల్సింది సున్నా కావచ్చు. ఇందులో మోసం లేదు, దొంగ బిల్లు లేదు, ఆడిటరు మాయ అంతకన్నా లేదు. రెండూ చట్టం చెప్పిన లెక్కలే.

ఆదాయ పన్ను న్యాయంగా ఉందా అన్న వాదన ఈ నగరంలో ఏటా రెండుసార్లు వేడెక్కుతుంది. బడ్జెట్ రోజున ఒకసారి, రిటర్నులు వేసే జులైలో మరోసారి. ప్రతిసారీ మాట రేటు దగ్గరే మొదలై రేటు దగ్గరే ఆగిపోతుంది. ముప్పై శాతం ఎక్కువా, తక్కువా? ఇంత కట్టాక ఈ రోడ్లేమిటి? మొదటి ప్రశ్నకు నా జవాబు చాలామంది ఉద్యోగులకు నచ్చదు. రేట్లు మరీ అంత దారుణంగా లేవు. అన్యాయం ఉన్నది వేరే చోట. ఒకే రూపాయిని చట్టం నాలుగు పేర్లతో పిలిచి నాలుగు రకాలుగా చూడటంలో ఉంది. రెండో ప్రశ్న మాత్రం సరైనదే, కానీ చాలాసార్లు తప్పు గుమ్మం ముందు నిలబడి అడుగుతున్నాం.

ముప్పై శాతం నిజంగా ఎవరు కడుతున్నారు

కొత్త విధానంలో మొదటి 4 లక్షలకు పన్ను లేదు. ఆ పైన ప్రతి 4 లక్షలకు ఒక శ్లాబు: 5, 10, 15, 20, 25 శాతం. 24 లక్షలు దాటిన భాగానికి మాత్రమే 30 శాతం. "నేను ముప్పై శాతం శ్లాబులోకి వచ్చేశాను" అని వాపోయేవారిలో చాలామంది సంపాదన మొత్తంలో ముప్పై శాతం పోతున్నట్టే మాట్లాడతారు. 15.75 లక్షల జీతం తీసుకునే ఉద్యోగికి 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోగా 15 లక్షల మీద పడే పన్ను, 4 శాతం సెస్సుతో కలిపి, 1,09,200 రూపాయలు. జీతంలో ఏడు శాతం కూడా లేదు. 30.75 లక్షల జీతానికి 4,99,200. అంటే పదహారు శాతం చిల్లర.

వెనక్కి చూస్తే ఇది ఎంత మెత్తబడిందో అర్థమవుతుంది. 1973-74లో పై శ్లాబు రేటు 85 శాతం, దాని మీద 15 శాతం సర్‌ఛార్జీ. మొత్తం 97.75 శాతం. ఆ శ్లాబులో సంపాదించిన ప్రతి వందలో మిగిలేది రెండు రూపాయల పావలా. అంత రేటు పెడితే వచ్చేది పన్ను కాదు, నల్లధనం అని పన్నుల విచారణకు వేసిన వాంఛూ కమిటీ 1971లోనే చెప్పింది. ఆ తరువాత రేట్లు దిగుతూ వచ్చి, 1997 బడ్జెట్‌లో 10, 20, 30 దగ్గర కుదురుకున్నాయి. హైదరాబాద్ సంగతి ఇంకా చిత్రం. భారత ఆదాయ పన్ను చట్టం అప్పటి హైదరాబాద్ రాష్ట్రానికి వర్తించిందే 1950 ఏప్రిల్ 1 నుంచి.

రేట్ల పట్టికలో నాకు నిజంగా అభ్యంతరం ఉన్నది పైన కాదు, మధ్యలో. 12 లక్షల దగ్గర ఒక గొయ్యి ఉంది.

పన్ను వేయదగిన ఆదాయం సరిగ్గా 12 లక్షలైతే శ్లాబుల ప్రకారం 60,000 పన్ను పడుతుంది. రిబేటు కింద అదంతా మాఫీ. ఒక్క రూపాయి దాటినా రిబేటు పోతుంది. అలా దాటినవారు ఒక్కసారిగా 60,000 కట్టాల్సి రాకూడదని చట్టం కొంత ఊరట ఇచ్చింది. 12 లక్షలకు పైన ఎంత సంపాదిస్తే అంతకు మించి పన్ను ఉండదు. వినడానికి దయగానే ఉంది. అంకెలు వేసి చూడండి. 12,10,000 ఆదాయం ఉన్నవారికి పన్ను 10,000, దాని మీద సెస్సు 400. ఇంక్రిమెంటుగా వచ్చిన పది వేలూ పోగా, ఇంకో నాలుగు వందలు జేబులోంచి కట్టాలి. 12,70,588 రూపాయల వరకు ఇదే తంతు. ఆ మధ్యలో ఎక్కడ ఆగినా, సరిగ్గా 12 లక్షలు సంపాదించినవారి కంటే చేతికి వచ్చేది తక్కువే. 13 లక్షల దగ్గర పన్ను 78,000. అంటే పన్నెండు దాటాక వచ్చిన లక్షలో మిగిలింది 22 వేలు.

పైన ఉన్నవారితో పోల్చండి. ఏడాదికి 80 లక్షలు సంపాదించే వ్యక్తి తన ఆఖరి రూపాయి మీద సర్‌ఛార్జీ, సెస్సు కలిపి 34 పైసలు కడతాడు. అయిదు కోట్లు దాటినవారికి పాత విధానంలో సర్‌ఛార్జీ 37 శాతం. కొత్త విధానంలో 2023 బడ్జెట్ దాన్ని 25 శాతానికి దించింది కాబట్టి వారి ఆఖరి రూపాయి మీద 39 పైసలు. మరి పన్నెండు లక్షల ముప్పై వేల దగ్గరున్న ఉద్యోగి ఆఖరి రూపాయి మీద? ఒక రూపాయి నాలుగు పైసలు. కోట్లు సంపాదించేవారి కంటే ఎక్కువ రేటు అతనిది. ఈ గొయ్యిని పూడ్చడం కష్టమేమీ కాదు. 12 లక్షల నుంచి 16 లక్షల మధ్య రిబేటును కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతే సరిపోతుంది. "12 లక్షల వరకు పన్ను లేదు" అన్న నినాదానికి ఉన్న అందం దానికి ఉండదు, అంతే.

ఆదాయం ఒకటే, పేర్లు వేరు

ఇప్పుడు మాదాపూర్ సలహాదారు దగ్గరకు వద్దాం. వైద్యులు, న్యాయవాదులు, ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు, సాంకేతిక సలహాదారులు వంటి వృత్తులవారికి చట్టంలో ఒక సులువైన దారి ఉంది. 44ఏడీఏ అని ఆడిటర్లు పిలిచే సెక్షన్ అది. ఏడాది రాబడి 50 లక్షల లోపు ఉంటే, నగదు వసూళ్లు అయిదు శాతం మించకపోతే 75 లక్షల లోపు ఉంటే, లెక్కల పుస్తకాలతో పనిలేదు. రాబడిలో సగం ఖర్చు కింద పోయిందనుకుని మిగిలిన సగాన్ని ఆదాయంగా చూపితే చాలు. 24 లక్షల్లో సగం 12 లక్షలు. 12 లక్షలకు రిబేటు. పన్ను సున్నా.

ఈ ఏర్పాటు చెడ్డదేమీ కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో క్లినిక్ నడిపే వైద్యుడికి అద్దె ఉంటుంది, నర్సు జీతం ఉంటుంది, కరెంటు బిల్లు ఉంటుంది. నిజంగానే సగం పోవచ్చు. అతన్ని లెక్కల పుస్తకాలు రాయమని వేధించడం కంటే ఇది నయం. ఇబ్బంది ఎక్కడంటే, ఒక ల్యాప్‌టాప్, ఒక ఇంటర్నెట్ కనెక్షన్ తప్ప వేరే ఖర్చు లేనివారికి కూడా అదే సగం. ఉద్యోగికి మాత్రం గచ్చిబౌలి అద్దె ఎంతైనా, రోజూ క్యాబ్‌కు ఎంత పోసినా, తగ్గింపు 75 వేలే. సలహాదారుకు పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు, రేపటికి భరోసా లేదు. రాబడి 20 లక్షలు దాటింది కాబట్టి జీఎస్టీ రిజిస్ట్రేషన్ తలనొప్పి కూడా ఉంది. అవన్నీ ఒప్పుకుంటాను. ఏడాదికి మూడు లక్షల తేడాకు అవి సరిపోతాయా అన్నదే అనుమానం.

వ్యాపారానికీ ఇలాంటి లెక్కే ఉంది. బేగంబజారులో ఏడాదికి 2 కోట్ల అమ్మకాలు చేసే దుకాణదారు, డబ్బంతా యూపీఐలోనో బ్యాంకు ద్వారానో వస్తే, అందులో 6 శాతాన్ని లాభంగా చూపవచ్చు. 2 కోట్లలో 6 శాతం ఎంత? 12 లక్షలు. మళ్లీ సున్నా. ఈ అంకెలు ఇలా కలిసిరావడం యాదృచ్ఛికమే కావచ్చు, కానీ నగరంలో ఆడిటర్లకు 2025 ఫిబ్రవరి ఒకటో తేదీ, బడ్జెట్ రోజు సాయంత్రమే అర్థమై ఉంటుంది.

షేర్ల మీద వచ్చే ఆదాయం దారి ఇంకోటి. ఏడాది దాటి ఉంచుకున్న లిస్టెడ్ షేర్లు అమ్మితే వచ్చే లాభంలో 1.25 లక్షలు పోగా మిగిలినదానికి 12.5 శాతం. ఇంకే ఆదాయమూ లేని వ్యక్తికి ఏడాదిలో కోటి రూపాయల షేర్ల లాభం వస్తే పన్ను సుమారు 13.5 లక్షలు. అదే కోటి జీతం రూపంలో పన్ను వేయదగిన ఆదాయమైతే 29.5 లక్షలు. పెట్టుబడి పెట్టేవాడు నష్టభయం మోస్తాడు, కంపెనీ ముందే లాభాల మీద పన్ను కట్టింది, అందుకే తక్కువ రేటు అంటారు ఆర్థికవేత్తలు. వాదనలో బలం ఉంది. అయినా ఒంటి కష్టంతో వచ్చిన కోటికీ, నిద్రలో పెరిగిన కోటికీ మధ్య ఈ తేడా చూసి జీతగాడు పళ్లు నూరితే తప్పుపట్టలేం.

హైదరాబాద్‌లో అసలు డబ్బు ఉన్నది షేర్లలో కాదు, భూమిలో. కోకాపేట నియోపోలిస్ వేలంలో 2023 ఆగస్టులో ఎకరం 100.75 కోట్లు పలికింది. రాయదుర్గంలో 2025 అక్టోబరు వేలంలో 177 కోట్లు. అవి ప్రభుత్వ వేలాలు, ప్రతి రూపాయీ రికార్డుల్లో ఉంటుంది. మిగతా భూముల మాటేమిటి? ఇక్కడ చట్టం చేసే కొలత తమాషాగా ఉంటుంది. పది లక్షలకు మించి జనాభా ఉన్న నగరపాలక సంస్థ సరిహద్దు నుంచి ఆకాశమార్గాన 8 కిలోమీటర్లు దాటి ఉన్న వ్యవసాయ భూమి, చట్టం దృష్టిలో పెట్టుబడి ఆస్తే కాదు. దాన్ని అమ్మితే వచ్చిన లాభానికి పన్ను లేదు, అది పది లక్షలైనా పది కోట్లైనా. చిన్న పట్టణాలైతే ఆ దూరం 2, 6 కిలోమీటర్లే. అందుకే నగర శివారులో భూముల బేరాల్లో పహాణీ ఎంత ముఖ్యమో, మున్సిపాలిటీ సరిహద్దు నుంచి దూరం చెప్పే ధ్రువపత్రం అంత ముఖ్యం. 2025 చివర్లో ఔటర్ రింగు రోడ్డు చుట్టుపక్కల 27 పురపాలక, నగరపాలక సంస్థలను జీహెచ్ఎంసీలో కలిపినప్పుడు అందరూ ఆస్తి పన్ను గురించి, డివిజన్ల గురించి మాట్లాడారు. సరిహద్దు జరిగితే ఈ ఎనిమిది కిలోమీటర్ల గీత కూడా దానితో పాటు జరుగుతుంది. ఒక నిర్ణయంతో ఎవరి పొలం పన్నులోకి వచ్చింది, ఎవరిది బయట మిగిలింది అన్న లెక్క ఎవరూ బహిరంగంగా వేయలేదు.

వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేసే అధికారం కేంద్రానికి లేదు. రాజ్యాంగం దాన్ని రాష్ట్రాల జాబితాలో పెట్టింది. చాలా రాష్ట్రాలు దాని జోలికి వెళ్లవు. మన రైతుల్లో అత్యధికులకు అయిదెకరాలు కూడా ఉండవు. వారిపై పన్ను వేసినా ఏ శ్లాబులోకీ రారు, కాబట్టి ఈ మినహాయింపుతో వారికి ఒరిగిందీ లేదు. లాభం ఎవరికంటే, మొయినాబాద్ వైపు ఫాంహౌస్ కట్టుకుని నాలుగు మామిడి చెట్లు నాటి, ఆ చెట్లకు కాయని కాపును రిటర్నులో చూపగలవారికి. పెద్ద కమతాల మీద పన్ను వేయాలని కె.ఎన్. రాజ్ కమిటీ 1972లో సిఫారసు చేసింది. యాభై ఏళ్లు దాటింది. ఏ పార్టీ దాన్ని మళ్లీ తెరవలేదు, తెరుస్తుందని నేను అనుకోవడం లేదు. వారసత్వంగా వచ్చే ఆస్తి మీద ఎస్టేట్ డ్యూటీని 1985లో ఎత్తేశారు, సంపద పన్నును 2015 బడ్జెట్‌లో తీసేశారు. తాత కొన్న కొండాపూర్ స్థలం మనవడి చేతికి వచ్చేసరికి దాని విలువ ఎన్ని రెట్లు పెరిగినా, అమ్మేదాకా ఆదాయ పన్ను శాఖకు దానితో పని లేదు. అమ్మేటప్పుడు కూడా "వైట్ ఎంత, బ్లాక్ ఎంత" అన్న మాట ముందు తేలాలి.

పన్ను కట్టేది మేమేనా

"దేశాన్ని మోసేది మేమే" అన్నది ఐటీ కారిడార్‌లో తరచుగా వినిపించే మాట. దానికి ఆధారం ఉంది. 2022-23లో దేశవ్యాప్తంగా 7.40 కోట్ల మంది రిటర్నులు వేస్తే, అందులో 5.16 కోట్ల మంది కట్టాల్సిన పన్ను సున్నా. అంటే 140 కోట్ల జనాభాలో ఆదాయ పన్ను కట్టింది రెండుంపావు కోట్ల మంది. కంపెనీల వాటా ఏమైందంటే, 2019 సెప్టెంబరులో మినహాయింపులు వదులుకున్న కంపెనీలకు పన్నును 22 శాతానికి తగ్గించారు. ఏటా 1.45 లక్షల కోట్ల రాబడి వదులుకుంటున్నామని అప్పట్లో ఆర్థిక మంత్రే చెప్పారు. 2025-26 కేంద్ర బడ్జెట్ అంచనాల్లో వ్యక్తుల ఆదాయ పన్ను 14.38 లక్షల కోట్లు, కంపెనీల పన్ను 10.82 లక్షల కోట్లు. కంపెనీల కంటే వ్యక్తులే ఎక్కువ కడుతున్నారన్న మాట అబద్ధం కాదు.

అయితే కథ అక్కడితో అయిపోదు. అదే బడ్జెట్ ప్రకారం కేంద్రానికి వచ్చే ప్రతి రూపాయిలో ఆదాయ పన్ను 22 పైసలు. అప్పు 24 పైసలు, జీఎస్టీ 18, కంపెనీల పన్ను 17. మిగిలింది సుంకాలు, ఇతర రాబడి. జీఎస్టీ అందరిదీ. బోరబండ నుంచి జూబ్లీహిల్స్‌కు ఇంటిపనికి వెళ్లే మహిళ ఫోనుకు 299 రూపాయల రీఛార్జి వేయించుకుంటే అందులో 45 రూపాయలకు పైగా జీఎస్టీయే. ఆమె పనిచేసే ఇంటి యజమాని కట్టేదీ అదే 45. ఆదాయాన్ని బట్టి రేటు మారడం అక్కడ ఉండదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బు, తలనూనె వంటివాటిపై రేటు తగ్గించడం ఆమెకు నిజమైన ఊరట, కాదనను. పెట్రోలు మీద తెలంగాణ వ్యాట్ 35.20 శాతం. రోజంతా బండి మీద తిరిగి భోజనం పార్సిళ్లు అందించే కుర్రాడు, తన ఆదాయంలో ఎంత శాతం పెట్రోలు పన్నుగా కడుతున్నాడో లెక్క వేస్తే, పదహారు శాతం దగ్గర గోల చేసే మనం కాస్త తగ్గి మాట్లాడతాం.

పన్ను అని ఎవరూ పిలవని పన్ను ఇంకొకటి ఉంది. 2025లో రాష్ట్రంలోని 2,620 మద్యం దుకాణాల కేటాయింపునకు ఒక్కో దరఖాస్తుకు 3 లక్షలు పెట్టారు. లాటరీలో దుకాణం వచ్చినా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. 2025-26 రాష్ట్ర బడ్జెట్‌లో ఎక్సైజ్ రాబడి అంచనా 27,623 కోట్లు. పేద ఇంటి కూలి డబ్బు ఏ దారిన ఖజానాకు చేరుతుందో తెలుసుకోవాలంటే ఈ ఒక్క పద్దు చాలు.

రూపాయి వెళ్లే దారి

హైదరాబాద్ ఉద్యోగి జీతంలోంచి టీడీఎస్‌గా పోయింది ఢిల్లీకి పోతుంది. అతను తిట్టుకునే గుంత నగరపాలక సంస్థది. కరెంటు రాష్ట్ర ప్రభుత్వ సంస్థది. ఇంటి ముందు పొంగే మురుగు జలమండలిది. "ఇంత ట్యాక్స్ కడితే ఈ రోడ్డా" అన్నప్పుడు మనం కలిపేస్తున్నవి మూడు వేర్వేరు ఖజానాలు. ఈ నగరానికి నేరుగా వెళ్లేది ఆస్తి పన్ను వంటి కొన్నే. జీతం స్లిప్పులో నెలకు 200 రూపాయల వృత్తి పన్ను అన్న చిన్న గీత రాష్ట్రానిది.

కేంద్రం వసూలు చేసిన పన్నుల్లో పంచుకోదగిన భాగంలో 41 శాతం రాష్ట్రాలది. 2021 నుంచి 2026 మార్చి వరకు అందులో తెలంగాణ వాటా 2.102 శాతం, ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం. అంటే దేశమంతా వసూలైన ప్రతి వంద రూపాయల పంపిణీ నిధిలో తెలంగాణకు 86 పైసలు. ఇది అన్యాయమని రెండు ప్రధాన పార్టీలూ సభల్లో గట్టిగా అంటాయి. నాకు అందులో సగమే నమ్మకం. వాటాల లెక్కలో 45 శాతం బరువు, తలసరి ఆదాయంలో రాష్ట్రం ఎంత వెనకబడి ఉందన్న దానికి ఇచ్చారు. ధనికుడు ఎక్కువ కట్టి పేదవాడు ఎక్కువ పొందాలన్నది మనుషుల మధ్య న్యాయమైతే, రాష్ట్రాల మధ్య హఠాత్తుగా దోపిడీ ఎలా అవుతుంది? రాష్ట్రాలకు నిజంగా ఫిర్యాదు చేయదగిన చోటు సెస్సులు, సర్‌ఛార్జీలు. పన్ను మీద మనం కట్టే 4 శాతం ఆరోగ్య విద్యా సెస్సు పంపిణీ నిధిలోకి రాదు. ఆరోగ్యం, విద్య మీద ఎక్కువగా ఖర్చు పెట్టేది రాష్ట్రాలు. వాటి పేరుతో వసూలు చేసింది మాత్రం పూర్తిగా కేంద్రం దగ్గరే ఉంటుంది.

2025-26 బడ్జెట్ ప్రకారం కేంద్రం ఖర్చు చేసే రూపాయిలో 22 పైసలు రాష్ట్రాల వాటా, 20 పైసలు పాత అప్పుల వడ్డీ, 8 పైసలు రక్షణ, 4 పైసలు పింఛన్లు. ప్రధాన సబ్సిడీలకు 6. మన డబ్బంతా సబ్సిడీలకే పోతోందని అనుకునేవారు వడ్డీ పక్కన సబ్సిడీ అంకెను పెట్టి ఒకసారి చూడాలి.

ఉచితాల మీద కోపం, కట్టడాల మీద మౌనం

రాష్ట్రం దగ్గర సబ్సిడీల బరువు ఎక్కువే. 2023 డిసెంబరు 9న మొదలైన మహిళల ఉచిత బస్సు ప్రయాణానికి 2025-26 బడ్జెట్‌లో ఆర్టీసీకి కేటాయించింది 4,305 కోట్లు. రైతు భరోసాకు 18,000 కోట్లు. మొత్తం బడ్జెట్ 3,04,965 కోట్లు. అందులో విద్యకు 23,108 కోట్లు, అంటే వందకు ఏడున్నర. వైద్యానికి 12,393 కోట్లు, వందకు నాలుగు.

ఉచిత బస్సును నేను వృథా అనను. ఇంటిపనికి, బట్టల దుకాణంలో అమ్మకాల పనికి, కాలేజీకి వెళ్లే అమ్మాయికి నెలకు వెయ్యి రూపాయల పైన మిగిలితే అది ఇంటి ఖర్చులోకే వెళ్తుంది. ఎక్కేది కూడా అవసరం ఉన్నవారే, కారు ఉన్నవారు కిక్కిరిసిన సిటీ బస్సు ఉచితమని ఎక్కరు. పేదను వెతికి పట్టుకునే కార్డులు, ఫారాలు లేకుండానే సాయం పేదకు చేరుతోంది. రైతు భరోసాకు ముందున్న పెట్టుబడి సాయం రైతుబంధు దీనికి పూర్తిగా ఎదురు. 2018లో మొదలైనప్పుడు ఎకరాల పరిమితి లేదు. ఎంత భూమి ఉంటే అంత డబ్బు. పట్టా ఉన్నవారికి, వారు నగరంలో బంజారాహిల్స్‌లో ఉన్నా సరే, ఖాతాలో పడింది. ఆ పొలం దున్నే కౌలు రైతుకు పడలేదు. రెండింటినీ "ఉచితాలు" అన్న ఒకే గాటన కట్టి తిట్టడం వల్ల ఒకటి ఎందుకు మంచిదో, ఇంకోటి ఎందుకు కాదో చూడటం మానేశాం.

కట్టడాల దగ్గరకు వస్తే మన గొంతు తగ్గిపోతుంది. కాంక్రీటు కనబడితే అభివృద్ధి అనుకోవడం పాత అలవాటు. కాళేశ్వరం వ్యయం 81,911 కోట్లని మొదట చూపారు. అది 1,47,427 కోట్లు దాటవచ్చని 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకు వచ్చిన, ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ నివేదిక చెప్పింది. పెట్టే ప్రతి రూపాయికి రూపాయిన్నర ప్రయోజనమని ప్రభుత్వం చెప్పిన చోట, కాగ్ లెక్కలో వచ్చింది 52 పైసలు. ఆ నివేదిక వచ్చేసరికే, 2023 అక్టోబరులో కాళేశ్వరంలో భాగమైన మేడిగడ్డ బ్యారేజీ పియర్లు (స్తంభాలు) కుంగాయి. పెరిగిన వ్యయం ఒక్కటే 65 వేల కోట్ల పైమాట. ఉచిత బస్సును ఇప్పటి ఖర్చుతో పదిహేనేళ్లు నడిపే డబ్బు అది. బస్సులో ఆధార్ కార్డు చూపని మహిళ గురించి వీడియోలు తీసిన నగరం, ఈ అంకె గురించి ఎన్నికల ముందు తప్ప మాట్లాడలేదు.

మెట్రోను చూడండి. ప్రైవేటు భాగస్వామ్యంతో 2017 నవంబరులో మొదలైంది, రోజుకు నాలుగు లక్షల మందికి పైగా వాడుతున్నారు. మంచి ఆస్తే. కానీ నష్టాల భారంతో భాగస్వామి తప్పుకుంటానంటే, దాదాపు 13,000 కోట్ల అప్పును తన మీదికి తీసుకునేందుకు రాష్ట్రం 2025 సెప్టెంబరులో సూత్రప్రాయంగా అంగీకరించింది. ఆ నిర్ణయం సరైనదే కావచ్చు, ప్రపంచంలో మెట్రోలు టికెట్ డబ్బుతో బతకడం అరుదు. నష్టం వస్తే జనానిది అన్న షరతు ఒప్పందం రోజున ఎవరైనా చెప్పారా అన్నది వేరే సంగతి.

కట్టాల్సినవి కట్టకపోవడం కూడా ఖర్చే, అది ఏ పద్దులోనూ కనిపించదు. అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి పాత భవనంలోకి 2020 జులైలో వర్షపు నీళ్లు, మురుగు చేరాక దాన్ని ఖాళీ చేశారు. గోషామహల్‌లో 2,000 పడకల కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది 2025 జనవరి 31న. మధ్యలో నాలుగున్నర ఏళ్లు. ఆ కాలంలో అక్కడ మంచం దొరకక కార్పొరేట్ ఆసుపత్రికి వెళ్లి అప్పులపాలైన కుటుంబాలు కట్టింది పన్ను కాకపోతే మరేమిటి?

మధ్యతరగతి కోపానికి అసలు మూలం ఇదేనని నాకు అనిపిస్తుంది. పన్ను కట్టాక కూడా పిల్లల చదువు కొనాలి, వైద్యం కోసం బీమా కొనాలి. కొండాపూర్, మణికొండ అపార్టుమెంట్లలో వేసవి వస్తే నీళ్లు కూడా కొనాలి. 2021 జనవరి నుంచి నగరంలో నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం ఉంది. అదే నగరంలో ట్యాంకరు కోసం సెక్యూరిటీ గార్డు గేటు దగ్గర కాపలా కాస్తాడు. బిల్లు మాఫీ అయింది, పైపులో నీళ్లు రాలేదు. జీతంలో పది పదహారు శాతం పన్ను భారం కాదు. దాని మీద బడి ఫీజు, ఆసుపత్రి, ట్యాంకరు కలిస్తేనే భారం. రేటు రెండు శాతం తగ్గించినా ఆ బరువు దిగదు. మంచి సర్కారు బడి ఒకటి వీధిలో ఉంటే, చాలా కుటుంబాలకు ఏ బడ్జెట్ ఇవ్వలేని ఊరట అది.

లెక్క అడగడం ఎలాగో తెలుగువాళ్లకు తెలియనిది కాదు. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలు మొదలుపెట్టింది. తరువాత హైదరాబాద్ కేంద్రంగా ప్రత్యేక సంస్థే ఏర్పడింది. కూలీల ఇళ్ల నుంచే ఎంపిక చేసిన యువకులు ఊరూరా తిరిగి మస్టర్లు (హాజరు పట్టికలు) సరిచూసి, ప్రజావేదికలో పేర్లతో సహా చదివి వినిపించేవారు. చనిపోయినవారి పేరున వేసిన హాజరు, తవ్వని చెరువుకు రాసిన కొలతలు అందరి ముందే బయటపడేవి. పట్టుకున్న సొమ్ములో తిరిగి వసూలైంది తక్కువే. అయినా మిగతా రాష్ట్రాలకు ఈ పద్ధతి ఒక నమూనా అయింది. దినకూలీకి పోయే వందల రూపాయలకు ఉన్న ఈ తనిఖీ, నగరంలో కోట్లతో వేసే రోడ్డుకు లేదు. కాగ్ నివేదిక పని పూర్తయి, బిల్లులు చెల్లించిన కొన్నేళ్లకు వస్తుంది. కాంట్రాక్టరుకు బిల్లు చెల్లించే ముందు ఇంజినీరు ఎంబీ (మెజర్‌మెంట్ బుక్) అనే పుస్తకంలో కొలతలు రాస్తాడు: ఎంత పొడవు, ఎంత మందం, ఏ రకం కంకర. ఆ పుస్తకం ఏ వార్డు సభలోనూ ఎవరూ చదివి వినిపించరు. కానీ 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు చట్టం కింద దాని నకలు అడగవచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ చట్టం రెండో సెక్షన్‌లో చాలామంది గమనించని మాట ఇంకొకటి ఉంది: జరిగిన పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనాను ధ్రువీకరించి ఇవ్వమని అడిగే హక్కు కూడా పౌరుడికి ఉన్నాయి. అంటే మీ కాలనీలో పోయిన నెల వేసిన తారులోంచి ఒక ముక్క.